కొండవాలు మీద కొత్త పూర్వీకుడు

కుండ మూత తీయగానే లోపల్నుంచి మా వైపు చూసింది మనిషి పుర్రె కాదు, పంది పుర్రె.

పూన్ మేస్త్రీ చప్పున మూత పెట్టేశాడు. బతుకంతా కొండల మీద చచ్చినవాళ్ళ ఎముకలు తవ్వి తీసి, కడిగి, కుండల్లో వరసగా అమర్చిన మనిషి. అలాంటివాడు కుండకి దూరంగా జరగడం నేనెప్పుడూ చూడలేదు.

"మేడమ్, ఈ పనికి నేను కూలి మాట్లాడుకోలేదు" అన్నాడు.

పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని అగరొత్తులు పట్టుకుని ఏడుస్తున్న మూయ్ కామ్-షింగ్ తలెత్తాడు. పక్క ఊళ్ళో మినీ బస్సు నడుపుతాడు. ఈ కుండ తన తాతదని వారం రోజులుగా మా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. కుండ కదిలిస్తే ప్రభుత్వం ఇచ్చే ఖర్చుల మీద అతనికున్న ప్రేమ ఎంతో నాకు తెలుసు.

"ఏమైంది మేస్త్రీ? మా తాత బాగున్నాడా?"

"బాగానే కాలాడు" అన్నాడు పూన్ మేస్త్రీ.

మూయ్ ముందుకు వంగి, మూత కొంచెం ఎత్తి, లోపలికి చూశాడు. ఏడుపు ఆగింది. అగరొత్తులు తీసుకెళ్ళి నెమ్మదిగా గడ్డిలో ఆర్పేశాడు.

"ఈయన మా తాత కాదు" అన్నాడు.

"పొద్దుట్నుంచీ ఆయనేగా అన్నావు? కలలోకి వచ్చి 'చలేస్తోందిరా మనవడా' అన్నాడన్నావు?"

"మా తాతకి పళ్ళు ఇంత బాగుండేవి కావు మేడమ్."

ఇలాంటి మనుషులతో, ఇలాంటి ఎండలో, ఇలాంటి నెలలో వేగడానికి ప్రభుత్వం నాకు జీతం ఇస్తోంది. నా పేరు మాక్ సౌ-యీన్. జిల్లా భూముల ఆఫీసులో లీజులు చూస్తాను. హాంకాంగ్‌లో భూమి ఎవరి సొంతమూ కాదు, అంతా లీజే. ఇన్నాళ్ళూ బ్రిటిష్ రాణిగారి పేరు మీద ఇచ్చాం. జూన్ ఆఖరుకి జెండా మారి ఊరు చైనా చేతికి పోతుంది. మారేలోగా సగం మంది నా బల్ల ముందు నిలబడి "పాత ముద్రతోనే ఇవ్వండి, అదే గట్టిది" అంటున్నారు. మిగతా సగం "కొత్త ముద్ర వచ్చాకే ఇవ్వండి, రేపు పాతది చెల్లదంటే?" అంటున్నారు. రెండు ముద్రలకీ మధ్య నలిగేది నేను.

కొత్తగా స్థలం ఇవ్వాలంటే మా సంతకం ఒక్కటే చాలదు. లండన్ వాళ్ళూ బీజింగ్ వాళ్ళూ కలిసి కూర్చునే కమిటీ ఒకటుంది. మేం పంపిన జాబితాకి వాళ్ళు తలూపాలి. వాళ్ళు కూర్చోబోయే ఆఖరిసారికి జాబితా ఈ శుక్రవారం సాయంత్రం మూసేస్తారు. అందులో లేని ఊరు కొత్త ప్రభుత్వం వచ్చాక వరసలో మళ్ళీ మొదట్నుంచీ నిలబడాలి. ఆ వరస ఎప్పటికి కదులుతుందో ఎవరికీ తెలీదు.

వో హాంగ్ వై ఊరు ఆ జాబితాలో ఉండి తీరాలి. కాలవ ఒడ్డున పల్లంలో ఉన్న ఊరది. గట్టి వాన పడితే చాలు, నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. పోయినేడు వానల్లో ఒక ముసలాయన మంచం మీదనుంచి లేవలేక నీళ్ళలోనే పోయాడు. ఊరంతా పాత ఇళ్ళ స్థలాలు మాకు వదిలేస్తే, కొండవాలు మీద ఇంటికి ఇల్లు చొప్పున కొత్త స్థలాలివ్వాలని ఏళ్ళ తరబడి కాగితాలు నడిపాను. అన్నీ అయ్యాయి. సమాధులు ఊడ్చే చింగ్ మింగ్ పండగ వెళ్ళింది. పండగైన రెండో రోజున సరిగ్గా ఆ కొండవాలు నడుమ, పొదల పక్కన, ఈ ఎముకల కుండ ప్రత్యక్షమైంది.

కుండ కనపడితే అక్కడ నోటీసు అంటించాలి. ఎవరి పూర్వీకుడో వాళ్ళు వచ్చి చెప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకుని, మంచిరోజు చూసి కదిలిస్తేనే స్థలం మాది. ఎవరూ రాకపోతే నోటీసు గడువు దాటాలి. ఆ గడువు జూన్‌లో ఎక్కడో ముగుస్తుంది. అందుకే మూయ్ లాంటివాడు వచ్చినా దేవుడే పంపాడనుకున్నాను. అబద్ధమైనా సరే, సంతకం పెట్టి తాతని తీసుకుపోతాడు కదా అనుకున్నాను.

ఇప్పుడు తాత పంది అయి కూర్చున్నాడు.

*

మా పై అధికారి పెలమ్ దొర గదిలో అంతా చెక్కపెట్టెలే. గోడ మీద రాణిగారి బొమ్మ తీసేస్తే మిగిలిన తెల్లటి చదరం కింద కూర్చుని ఆయన టీ కప్పులకి న్యూస్‌పేపరు చుడుతున్నాడు.

"పందే కదా సర్, కుండ తీయించేస్తాను" అన్నాను.

"వద్దు మిస్ మాక్." ఆయనకి ఎప్పుడూ కంగారు లేదు. ఇంకో రెండు నెలల్లో ఇంటికి పోయేవాడికి కంగారెందుకు? "నోటీసులో 'కుండ' అని ఉంది. లోపలేముందో లేదు. రేపు ఏ కుటుంబమో వచ్చి, మా ముత్తాతని తీసేసి పందిని పెట్టింది ప్రభుత్వమే అంటే? ఈ నెలలో? రెండు రాజధానుల పేపర్లలోనూ మన పంది ఫొటో పడుతుంది."

"మరేం చెయ్యమంటారు?"

"కుండ పెట్టినవాడు పదిమంది ముందు నేనే పెట్టానని ఒప్పుకోవాలి. దాని మీద ఎవరికీ హక్కు లేదని చెప్పాలి. అప్పుడు నోటీసు రద్దు చేస్తాను. మీ ఊరు జాబితాలో చేరుతుంది. లేదంటే చేరదు." కప్పు ఒకటి ఎత్తి చూపించాడు. "ఇది మీకేమైనా పనికొస్తుందా? పిడి కొంచెం విరిగింది."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కప్పు వద్దని చెప్పి బయటపడ్డాను.

*

మర్నాడు ఊళ్ళో జీపు దిగానో లేదో, ఊరంతా యీ వదిన అని పిలిచే ఆవిడ నా కోసమే కాచుకున్నట్టు చీపురు పట్టుకుని ఎదురొచ్చింది. భర్త పోయాడు, ఇద్దరూ ఆడపిల్లలే. ఊళ్ళో కాలవకి అందరికన్నా దగ్గరిల్లు ఆమెది.

"వచ్చావా మేడమ్! రా, చూడు. మంచాలు ఇటికల మీద పెట్టుకున్నాం. బియ్యం డబ్బా అటక మీద పెట్టాను. ఫ్రిజ్ ఎక్కడ పెట్టమంటావు, నీ నెత్తి మీద పెట్టుకుంటావా?"

"వదినా, నా చేతిలో ఏముంది..."

"నీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉంది, పంది చేతిలో ఉందా? ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆ మూయ్ గాడు మా కొండ మీదకొచ్చి పందికి దండం పెట్టాడంట కదా. దొరికితే వాణ్ణి కాలవలో ముంచుతారు మావాళ్ళు. స్థలం చెడగొట్టి ఖర్చులు దండుకోడానికి వాడే పెట్టాడంటున్నారు."

నాకూ మొదట ఆ అనుమానమే వచ్చింది. కానీ కుండ మూత తీసినప్పుడు మూయ్ మొహం చూశాను. అంత నిజంగా ఆశ్చర్యపోవడం వాడి తరం కాదు.

పూర్వీకుల హాలు గుమ్మం దగ్గర టింగ్ పెదనాన్న వెదురు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. కాన్ వంశానికి పెద్ద, ఊరందరికీ పెదనాన్న, ఊరికి ప్రతినిధి, హాలు తాళాలన్నీ ఆయన నడుముకే. ఆయన వెనక లోపల చీకట్లో పూర్వీకుల పేర్ల పలకలు. వాటి పక్కన మూల, మూడేళ్ళ కిందట ఊరేగింపులో పట్టుకెళ్ళిన గుడ్డ బ్యానరు, కర్రలకి చుట్టి ఇంకా అక్కడే ఉంది. పల్లెల్లో ఆడపిల్లలకి కూడా ఆస్తి వచ్చేలా చట్టం చేస్తున్నారని అప్పుడు మగవాళ్ళంతా నగరం మీద పడ్డారు. అందరికంటే ముందు నడిచింది, అందరికంటే గట్టిగా అరిచింది ఈయనే. టీవీలో చూశాను. చట్టం వచ్చేసింది. బ్యానరు మిగిలింది.

"కూర్చో మాక్ అమ్మాయ్. టీ తాగు. మొహం అలా పెట్టుకోకు, పెళ్ళి కుదరదు."

"నాకు పెళ్ళై ఇద్దరు పిల్లలు పెదనాన్నా."

"మరింకేం. వాళ్ళకి మంచి చెప్పు. ఇంకోళ్ళ కుండలు తెరవకూడదని చెప్పు. నువ్వు తెరిపించావు కదా, చూశావా ఏమొచ్చిందో."

"లోపల పంది ఉందని మీకు ఆశ్చర్యంగా లేదా?"

"ఈ వయసులో నాకేదీ ఆశ్చర్యంగా ఉండదు. ఇళ్ళు కట్టే కంపెనీల వాళ్ళు పెట్టారేమో. దెయ్యాలు మార్చాయేమో. చట్టం చట్టమే. నోటీసు గడువు దాటనీ. ఆకురాలు కాలంలో చుంగ్ యెంగ్ పండగకి మంచిరోజు చూద్దాం. తొందరెందుకు?"

"శుక్రవారం జాబితా మూసేస్తారు. మీకు తెలుసు. వానలు వచ్చే నెల మొదలౌతాయి. అదీ తెలుసు."

"వానలు మా తాతలప్పుడూ పడ్డాయి."

"మీ ఊరి ఇళ్ళ కోసం నేను పరిగెడుతుంటే మీరే కాలడ్డం పెడుతున్నట్టుంది."

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఇల్లు కావాలని నాకు ఆత్రం లేదు అమ్మాయ్. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి మగాడికీ జన్మలో ఒకసారి ఇల్లు కట్టుకునే హక్కుంది. అందరూ తీసేసుకున్నారు, కొందరు అమ్మేసుకున్నారు కూడా. నేనొక్కణ్ణే ఇంకా తీసుకోలేదు. అలాగే ఉంచుకున్నాను. చూశావా నా ఓపిక?"

ఓపిక ఆయనది, తలనొప్పి నాది. లేచాను.

*

ఆకలి మండిపోతోంది. ఊరి మొదట్లో టింగ్ పెదనాన్న ఇల్లే, వీధి వైపు గదిలో ఆయన కూతురు హింగ్ చిన్న కొట్టు నడుపుతుంది. సోడాలు, బిస్కట్లు, అడిగినవాళ్ళకి వేడి నూడుల్సు. నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి జబ్బుపడితే చూసుకుంది, తల్లి పోయాక తండ్రిని చూసుకుంటోంది. కొట్టు గోడ మీద పోయినేడు వరద వదిలిన బురద గీత ఇంకా ఉంది. దాని పైన మాత్రమే సరుకులు సర్దింది.

"కూర్చోండి మేడమ్. గంజి పెడదామనుకున్నాను, ఏముంది, రుచీ పచీ లేని ఉత్త గంజి. నూడుల్సు చేస్తాను."

"ఉత్త గంజేమిటి? నీ చేతి గంజి అంటే జిల్లా అంతా చెప్పుకుంటారు."

"అది పంది తల ఎముకలేసి కాచేది. ఏటా చింగ్ మింగ్ వెళ్ళగానే ఎండబెట్టిన ఆకుకూర వేసి పెద్ద కుండెడు కాచేదాన్ని. ఈసారి నాన్న ఆ తల ఇంటికే తేలేదు."

తినే పుల్లలు తుడుచుకుంటున్నదాన్ని తలెత్తాను.

"ఎందుకు తేలేదు?"

"ఎవరో ముష్టివాడికిచ్చానన్నారు. ముష్టివాడికి పంది తల! అడిగితే కసిరారు. నాన్న ఈమధ్య అలాగే ఉన్నారు. రాత్రుళ్ళు నిద్రపోరు. మాంచెస్టర్ నుంచి ఫోనొచ్చిన దగ్గర్నుంచీ."

నేను కూడా పల్లెలో పుట్టినదాన్నే. పూర్వీకుల పూజలో కాల్చిన పందిని హాల్లోనే నరికి వాటాలు వేస్తారు. పుట్టిన ప్రతి మగపిల్లాడికీ, పాలు తాగేవాడితో సహా, ఒక వాటా. మా అన్నదమ్ములు ఎర్ర కాగితంలో చుట్టిన వాటాలు తెచ్చుకుని నా ముందు నమిలేవాళ్ళు. ఆడవాళ్ళకి వాటా లేదు. తల మాత్రం ముక్కలు చెయ్యరు. అది హాలు పెద్దకి వెళుతుంది. వో హాంగ్ వై చిన్న ఊరు, పంది ఒక్కటే, తల ఒక్కటే.

"మాంచెస్టర్‌లో ఎవరు?" అని అడిగాను, ఏమీ పట్టనట్టు.

"మా బాబాయి కొడుకు. అక్కడ హోటలుంది. మగబిడ్డ లేడని నాన్న వాణ్ణి దత్తు తీసుకున్నారు కదా. ఈ ఇల్లు కూడా అప్పుడే వాడి పేర రాశారు, మీ కాగితాల్లో ఉండే ఉంటుంది." నూడుల్సు గిన్నె నా ముందు పెట్టింది. "కొత్త ఇంటి స్థలం ఎప్పుడు చేతికొస్తుందని అడిగాడట. ఈ నీళ్ళ కొంపని ఎవడూ కొనడు గానీ కొండ మీదిది అనగానే కొనేవాణ్ణి చూసుకున్నాడట."

"మరి నువ్వు?"

"నాకేం మేడమ్. సోడా బుడ్లు ఎక్కడైనా అమ్ముకోవచ్చు." గోడ మీద గీత వైపు చూసింది. "గుడ్డు వెయ్యనా?"

నూడుల్సు తిన్నాను, రుచి తెలియలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక మరీ కోపం వచ్చింది. ఆ ముసలాయన మీద కోపం రావడం తేలిక. కానీ పాత కొంప ఇలాగే మునుగుతూ ఉంటే దానికి విలువ లేదు, విలువ లేకపోతే మాంచెస్టర్ వాడు దాని జోలికి రాడు, కూతురు ఉంటుంది. కొండ మీదకి వెళితే కూతురు వీధిన పడుతుంది. ఆయన లెక్క నాకు అర్థమైంది. ఆ లెక్కలో యీ వదినా, ఆమె పిల్లలూ, ఊరంతా నీళ్ళలో ఉన్నారు. హింగ్ కూడా ఆ నీళ్ళలోనే ఉంది.

అయినా, నేను వెళ్ళి ఆయన చెవిలో చెబితే సరిపోదు. పెలమ్ దొర మాట గుర్తుంది. పదిమంది ముందు, ఆయన నోటితో.

*

శుక్రవారం మధ్యాహ్నం ఊరందరూ హాల్లో చేరారు. ఇళ్ళ మార్పిడి కాగితాల మీద సంతకాలకి ఎప్పుడో పెట్టుకున్న రోజది. మగవాళ్ళు లోపల బల్లల మీద. ఆడవాళ్ళు గుమ్మం బయట ఎండలో. వాళ్ళ ముందు వరసలో యీ వదిన, వెనకగా హింగ్. నేను ప్రభుత్వం కాబట్టి లోపలికి రానిచ్చారు.

"జాబితాలో మీ ఊరు లేదు" అని చెప్పాను. "కుండ ఎవరిదో తేలేదాకా చేర్చడానికి లేదు. ఐదింటికి మూసేస్తారు."

హాలు పేలిపోయింది.

"పందికి నోటీసేంటమ్మా!"

"దొరలు పోతూ పోతూ మా నోట మట్టి కొట్టి పోతున్నారు!"

"ఆ మూయ్ గాడేడీ? వాడే పెట్టాడు!"

వాడు ఎక్కడో లేడు. గుమ్మం పక్కనే ఉన్నాడు, ఏమైనా దొరుకుతుందేమోనని వచ్చినట్టున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు చొక్కా పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు.

"నేను కాదు బాబోయ్! నేను పెట్టినవాణ్ణైతే తెరవమని ఎందుకంటాను? నేను తాత అనుకుని నిజంగా ఏడ్చాను!"

"నీకు పందికీ తాతకీ తేడా తెలీదురా?"

"మూత తియ్యకముందు ఎవడికి తెలుస్తుందన్నా!"

ఒకడు చెంప మీద కొట్టాడు. ఇంకొకడు మూలనున్న బ్యానరు కర్ర లాగాడు. మూయ్ పెదవి చిట్లి రక్తం కారింది. నేను టింగ్ పెదనాన్న వైపు చూశాను. పూర్వీకుల పలకల కింద తన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. చేతిలో కప్పు తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు.

"ఆగండి!" అని బల్ల మీద కొట్టాను. "ఒక్క మాట అడుగుతాను, చెప్పి తర్వాత కొట్టుకోండి. కుండలోది కాల్చిన పంది తల. దవడ మీద తేనె పూత నల్లగా అంటుకుని ఇంకా ఉంది. కొత్తది, పండగనాటిది. ఈ ఏడు మీ పూజలో పంది తల ఎవరి వాటాకి వెళ్ళింది?"

కర్ర పట్టుకున్నవాడు నవ్వాడు. "పల్లెలో పుట్టానంటారు, ఆ మాత్రం తెలీదా మేడమ్? తల ఎప్పుడూ హాలు పెద్ద..."

మాట మధ్యలో ఆగిపోయింది. నవ్వు కూడా.

ఒక్కొక్క తలా తిరిగింది. మూయ్ తల కూడా, రక్తం తుడుచుకుంటూ. గుమ్మం బయట హింగ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకి అందరికన్నా ముందే అర్థమైనట్టుంది.

"పెదనాన్నా," అన్నాను, "నేను చెబితే చెల్లదు. మీరు చెప్పాలి. చెబితే ఊరు కొండెక్కుతుంది. చెప్పకపోతే వీణ్ణి కొడుతూనే ఉంటారు."

టింగ్ పెదనాన్న కప్పు కింద పెట్టాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. పలకల వైపు తిరిగి ఒకసారి తల వంచి, మళ్ళీ మా వైపు తిరిగాడు.

"వాణ్ణి వదలండి. ఆ వెధవకి ఏమీ తెలీదు. కుండ నేనే పెట్టాను. కొండ వెనక ఎవరో ఎముకలు తీసుకుపోయి వదిలేసిన ఖాళీ కుండలున్నాయి కదా, అందులో ఒకటి. పండగ మర్నాడు తెల్లవారకముందే, మీరంతా మాంసం తిని పడుకున్నప్పుడు మోసుకొచ్చాను. తేలిగ్గా ఉంటే ఎవడో ఎత్తి, ఉత్తదే అని విసిరేస్తాడని నా వాటా తల మాంసం ఒలిచి వేశాను, నరికాక మిగిలిన ఎముకలు వేశాను. ఇంకొకడి పూర్వీకుడి కుండ మూత మనవాడెవడైనా తీస్తాడా? తియ్యడు. వీడొచ్చి తాతా అని ఏడిచి తీయిస్తాడని నాకేం తెలుసు! దాని మీద ఎవరికీ హక్కు లేదు, రాసుకో మాక్ అమ్మాయ్. ఇంకా అరవకండి, నేను పూర్తి చెయ్యలేదు. ఎందుకు పెట్టానంటారా? ఇదే హాల్లో, మీ అందరి ముందు, డప్పులు కొట్టించి నా ఇల్లు నా తమ్ముడి కొడుక్కి రాశాను. నేను పోయాక నాకు అగరొత్తి వెలిగించే మగాడు కావాలని. వాడు అక్కణ్ణుంచి ఫోను చేసి 'కొండ మీద స్థలం ఎంత పలుకుతుంది' అని అడిగాడు. నా ఆరోగ్యం అడగలేదు. వాళ్ళ పెద్దమ్మని ఎక్కడ పాతిపెట్టామో అడగలేదు. నా కూతురు ఎక్కడుంటుందని నేనడిగితే, 'ఆమెకేం, ఆడదేగా' అన్నాడు. ఆ మాట వాడికి నేర్పింది నేనే. ఆ బ్యానరు మీద రాయించిందీ నేనే. నా హక్కు మీద వచ్చే ఇల్లు ఇంకా తీసుకోలేదని మీ ముందు గొప్పలు పోయాను కదా, అది ఓపిక కాదు. తీసుకుంటే ఎవరికని అడుగుతారు. కూతురికని చెప్పడానికి నోరు రాలేదు. అంతకన్నా కొండెక్కి పందిని పూర్వీకుణ్ణి చెయ్యడం తేలికనిపించింది. మిమ్మల్నందర్నీ నీళ్ళలో ముంచబోయాను, నా పిల్లని కూడా. ఇప్పుడు రాసుకో అమ్మాయ్, నా హక్కు మీద వచ్చే ఇల్లు నేను తీసుకుంటున్నాను, కొండ మీద, మీ అందరి పక్కనే, నా తర్వాత హింగ్‌కి. చెల్లుతుందా అని ఎవడైనా అడిగితే, ఆ ఆడపిల్లల చట్టం చెల్లుతుందంటుంది. నేనది ఎన్నడూ చదవలేదు, దాని మీద అరిచానంతే. నీ సంచీలో ఉండే ఉంటుంది, తీసి చదువు. గట్టిగా చదువు, గుమ్మం బయట ఉన్నవాళ్ళకి కూడా వినపడాలి."